ఆ అబ్బాయికి ఎవరైనా చెప్పారా?

తెలుగులో ఫాంటసీ కథలు, నవలలు రాస్తున్నవాళ్ళకీ, వాటిని సినిమాలుగా, సిరీస్‌లుగా తీస్తున్నవాళ్ళకీ,

నమస్కారం. విశాఖపట్నంలో గాజువాక నుంచి రాస్తున్నాను. నేను రచయితని కాను. మీరు రాసేవి చదువుతాను, తీసేవి మొదటి వారంలోనే చూస్తాను, ఆదివారం సాయంత్రాలు మా అపార్ట్‌మెంట్ మేడ మీద పిల్లల్ని కూర్చోబెట్టుకుని కథలు చెబుతాను. మామూలుగా ఎనిమిది మంది వస్తారు, పరీక్షలప్పుడు ముగ్గురే. చీకటి పడ్డాక ఒక్కోసారి ఆకాశం ఒక పక్కంతా ఎర్రగా వెలుగుతుంది, ఉక్కు కర్మాగారంలో కొలిమిలోంచి తీసిన స్లాగ్, అంటే కరిగిన మడ్డి, పారబోసినప్పుడు అలా అవుతుంది. చిన్నపిల్లలు అది చూసి డ్రాగన్ అంటారు, నేనూ అవునంటాను.

పోయిన వేసవి సెలవుల్లో హ్యారీ పాటర్ మొదలుపెట్టి వారానికి కొంచెం చొప్పున చెప్పుకుంటూ వచ్చాను. ఐదో పుస్తకం చివర్లో జోస్యం సంగతి వస్తుంది కదా, అది చెప్పిన రోజు కింద ఫ్లోర్‌లో ఉండే ఐదో తరగతి పాప చెయ్యెత్తింది. "మరి ఆ రెండో అబ్బాయికి ఎవరు చెప్పారండీ?" అంది. నేను ఎంత గుర్తు తెచ్చుకున్నా అలాంటి సీన్ తగల్లేదు. ఇంటికెళ్ళి పుస్తకాలు తిరగేశాను. ఎవరూ చెప్పలేదు. ఆ ప్రశ్న నాకు నిద్ర పట్టనివ్వలేదు, అందుకే మీకు ఈ ఉత్తరం.

చదవనివాళ్ళ కోసం కాస్త చెప్తాను. జూలై నెల ముగిసిపోతుండగా ఒక బిడ్డ పుడతాడు, వాడి తల్లిదండ్రులు ఆ దుష్ట మాంత్రికుణ్ణి మూడుసార్లు ఎదిరించినవాళ్ళు అయి ఉంటారు, ఆ బిడ్డకే వాణ్ణి ఓడించే శక్తి ఉంటుంది, ఇదీ జోస్యం. దానికి సరిపోయే పిల్లలు ఇద్దరు. జూలై 30న పుట్టిన నెవిల్, 31న పుట్టిన హ్యారీ. జోస్యంలో పేరు లేదు. సగమే విన్న ఆ మాంత్రికుడు తనలాగే సగం మంత్రగాళ్ళ రక్తం ఉన్న పిల్లాడే తనకి ప్రమాదమని తేల్చుకుని హ్యారీ ఇంటికి వెళ్ళాడు. దేవుడో విధో ఎంచలేదు, శత్రువే ఎంచాడు. వాడు ఆ రాత్రి రెండో ఇంటి తలుపు కొట్టి ఉంటే నుదుటి మీద మచ్చ నెవిల్‌కి ఉండేది.

నెవిల్‌కి ఏం మిగిలిందో చూడండి. అమ్మానాన్నల్ని చిత్రహింసలు పెడితే మతి చెదిరి ఆసుపత్రిలో ఉండిపోయారు, కొడుకుని గుర్తు పట్టరు. నాయనమ్మ పెంచింది, నువ్వు మీ నాన్నంతటివాడివి కాలేదని వినిపిస్తూ పెంచింది. క్రిస్మస్ సెలవుల్లో చూడ్డానికి వెళితే వాళ్ళమ్మ నడుచుకుంటూ వచ్చి పిల్లాడి చేతిలో ఒక బబుల్‌గమ్ కాగితం పెడుతుంది. ఒట్టి కాగితం. అలాంటివి ఇప్పటికి గది నిండా అయ్యుంటాయి, చెత్తబుట్టలో పడెయ్యి అంటుంది నాయనమ్మ. వాడు దాన్ని జేబులో పెట్టుకుంటాడు. ఆ కాగితం దగ్గరికి వచ్చేసరికి నేను ప్రతిసారీ కథ ఆపేసి మంచినీళ్ళు తాగుతాను. 2003లో వచ్చిన ఆ పుస్తకంలో ఇంకా ఎన్నో యుద్ధాలున్నాయి, నాకు మాత్రం ఈ కాగితమే గుర్తుంటుంది.

చివరి పుస్తకంలో అదే నెవిల్, అందరూ హ్యారీ చచ్చిపోయాడనుకుంటున్న సమయంలో ఒక్కడే ముందుకొచ్చి నిలబడతాడు, మాలో చేరిపో అని మాంత్రికుడు పిలిస్తే చేరనంటాడు, పాత టోపీలోంచి కత్తి లాగి ఆ మాంత్రికుడి పాముని నరుకుతాడు. జోస్యం తనని కూడా చూపించిందన్న సంగతి అప్పటికీ వాడికి తెలిసినట్టు ఎక్కడా రాయలేదు. హ్యారీ మాత్రం ఆరో పుస్తకంలోనే రైల్లో వాడి ఎదురుగా కూర్చుని, వీడికి ఈ సంగతి తెలియదు కదా అని మనసులో అనుకుంటాడు. అనుకుని ఊరుకుంటాడు. ఆ పాప అడిగింది ఈ ఊరుకోవడం గురించే.

నాకిది ఎందుకింత పట్టిందంటే, మా ఇంట్లో ఇలాంటిదే జరిగింది.

మా తాతగారి పల్లె ఇక్కడికి దగ్గర్లోనే ఉండేది. నేను పుట్టకముందే భూములు ఒక పెద్ద కర్మాగారానికి పోయాయి, ఇంటికి ఒక ఉద్యోగం అన్నారు. ఇంట్లో ఉన్నది ఇద్దరు కొడుకులు, పెదనాన్న, నాన్న. ఇద్దరికీ ఏడాదిన్నర తేడా, ఇద్దరూ టెన్త్ పాసయినవాళ్ళే, ఇద్దరి చేతులకీ అవే కాయలు. ఫారం తెచ్చినాయన అరుగు మీద పెట్టె మూత బోర్లించి దాని మీద కాగితం పరిచి, "ఎవరి పేరు రాయమంటారు?" అని అడిగాడట. తాతయ్య చాలాసేపు మాట్లాడలేదట. నాయనమ్మ లోపల్నించి వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడింది. చివరికి తాతయ్య మా నాన్న పేరు చెప్పాడు. ఎందుకని ఎవరో అడిగితే, "పెద్దోడు ఎక్కడైనా బతికీగల్డు" అన్నాడట.

ఈ మాట మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు, పెదనాన్నకి దక్కిన మెప్పులా చెప్పుకుంటారు. నేను పెద్దయ్యాక గాని దాని బరువు నాకు అర్థం కాలేదు. చేతకానివాడని పక్కన పెట్టడం ఒకటి, చేతనైనవాడివి కదా నీకెందుకులే అని పక్కన పెట్టడం ఒకటి. రెండోదాని మీద కోపం తెచ్చుకోవడానికి కూడా వీలుండదు.

పెదనాన్న ఆటో కొనుక్కున్నాడు. కూర్మన్నపాలెం నుంచి గాజువాక, గాజువాక నుంచి పెదగంట్యాడ. నాన్నకి పొద్దున్నే మొదలయ్యే 'ఎ' షిఫ్ట్ ఉన్న రోజుల్లో తెల్లవారుజామునే వచ్చి షిఫ్ట్ బస్సు దగ్గర దింపి, ఆ బస్సు కదిలేదాకా ఉండి, అప్పుడు మొదటి బేరానికి వెళ్ళేవాడు. నేను చిన్నప్పుడు మారాం చేసి కొన్నిసార్లు వాళ్ళతో వెళ్ళాను. నాన్న బస్సెక్కాక పెదనాన్న సీటు మీద పడ్డ మంచుని తువ్వాలుతో తుడిచేవాడు, అప్పటికే తుడిచినా మళ్ళీ తుడిచేవాడు, కళ్ళు మాత్రం బస్సు మీదే ఉండేవి.

ఇప్పుడు మీ దగ్గరికి వస్తాను. ఎంపిక కాని మనిషి కథ రాయడం మనకి కొత్త కాదు, మనవాళ్ళు ఎప్పుడో రాసిపెట్టారు. ఉద్యోగ పర్వం చూడండి, తిక్కన తెలుగులో చెప్పిన భాగమే. రాయబారం విఫలమయ్యాక కృష్ణుడు కర్ణుణ్ణి రథమెక్కించుకుని, నువ్వు కుంతి పెద్ద కొడుకువి, రా, రాజ్యం నీదే, తమ్ముళ్ళు నీ కాళ్ళకి మొక్కుతారు అని చెప్తాడు. చూశారా, మనవాళ్ళు చెప్పించారు. చెప్పాక ఆ మనిషి ఏం చేస్తాడో కూడా చూపించారు. రాధ పాలిచ్చి పెంచింది, దుర్యోధనుడు నమ్మాడు, రాలేనంటాడు కర్ణుడు. అక్కడితో ఆగడు. ఈ సంగతి ధర్మరాజుకి చెప్పొద్దు, తెలిస్తే రాజ్యం నాకిచ్చేస్తాడు, నేను దాన్ని తీసుకెళ్ళి దుర్యోధనుడికి ఇచ్చేస్తాను అంటాడు. ఇన్నేళ్ళుగా అవమానాలు పడ్డవాడికి ఒక్క నిమిషంలో అంతా చేతికొస్తే వాడు ఎదుటివాడి మంచితనాన్ని కూడా లెక్కలోకి తీసుకుని వద్దంటున్నాడు. ప్రపంచంలో ఏ ఫాంటసీ నవలలోనైనా ఇంతకన్నా గొప్ప సీన్ నేను చదవలేదు. హీరోకి జోస్యం వినిపించే సీన్లు వందలున్నాయి, హీరో కాలేకపోయినవాడికి వినిపించిన సీన్ ఇది.

ఘటోత్కచుణ్ణి తీసుకోండి. పాండవుల కొడుకుల్లో అందరికన్నా ముందు పుట్టినవాడు, ద్రౌపది స్వయంవరానికి ముందే పుట్టాడు. రాజ్యం ప్రస్తావనలో వాడి పేరు ఎవరూ ఎత్తరు. పిలిస్తే వస్తాడు, పని చేస్తాడు, వెళ్ళిపోతాడు. ద్రోణ పర్వంలో రాత్రి యుద్ధానికి వాణ్ణి పంపిస్తారు, అర్జునుడి కోసం దాచిన శక్తి అనే ఆయుధాన్ని కర్ణుడు వాడి మీద వేసేస్తాడు, వాడు పడిపోతూ కూడా ఒళ్ళు పెంచి కౌరవ సైన్యం మీద పడతాడు. పాండవులు ఏడుస్తుంటే కృష్ణుడు సంతోషిస్తాడు. చదివితే గుండె పట్టేస్తుంది. అలాంటి పిల్లాణ్ణి 1957లో మనవాళ్ళు మాయాబజార్‌లో ఏం చేశారో గుర్తు చేసుకోండి. సినిమా మొత్తంలో పాండవులు ఒక్కసారి కూడా కనిపించరు. అర్జునుడు లేడు, భీముడు లేడు. అడవిలో ఉండే కొడుకు, ఎస్.వి. రంగారావు గారు, ఆ కథంతా భుజాన వేసుకుని నడిపిస్తాడు. అరవై ఏళ్ళు దాటినా పెళ్ళిళ్ళలో మనం వాణ్ణి తలుచుకోకుండా విస్తరి ముందు కూర్చోం.

ఆడవాళ్ళయితే ఎవరి కోసమూ ఎదురు చూడలేదు. రామాయణంలో ఊర్మిళ గురించి పెద్దగా చెప్పలేదని వాళ్ళే ఊర్మిళాదేవి నిద్ర అని పాట కట్టుకున్నారు. పద్నాలుగేళ్ళ తర్వాత లక్ష్మణుడు వచ్చి పక్కన కూర్చుంటే ఆమె నిద్రలో గుర్తు పట్టక, ఎవరో పరాయివాడనుకుని గట్టిగా మందలిస్తుంది. మా నాయనమ్మ దాన్ని ముక్కలు ముక్కలుగా పాడేది, చింతపండు ఈనెలు తీస్తూ.

మా ఊరి మనిషే రావిశాస్త్రి గారు అల్పజీవి రాశారు, అందులో ఉన్నవాడు నిజంగానే అందరికీ భయపడే చిన్న గుమాస్తా. అది ఫాంటసీ కాదు, కానీ అలాంటివాణ్ణి నవల మధ్యలో నిలబెట్టొచ్చని ఈ ఊళ్ళోనే ఒకరు చేసి చూపించారని చెప్పడానికి గుర్తు చేశాను.

ఇంత ఉన్నా ఇప్పుడు మీ కథల్లో పక్కవాడు ఎందుకు ఉంటున్నాడు? జోకులెయ్యడానికి, హీరో ఎంత గొప్పవాడో చెప్పడానికి, ఇంటర్వెల్ ముందు చచ్చిపోయి హీరోకి కోపం తెప్పించడానికి. బాహుబలి రెండో భాగంలో కుమారవర్మ ఉన్నాడు కదా, 2017లో వచ్చినప్పుడు ఆ సినిమా నేను జగదంబ దగ్గర థియేటర్లో చూశాను. పిరికివాడు, గొప్పలు చెప్పుకునేవాడు, పిండారీలు కోట మీద పడ్డ రాత్రి మొదటిసారి కత్తి దూస్తాడు. హాలంతా ఈలలు. నాకు బాహుబలి చేసిన యుద్ధం కన్నా అదే ఎక్కువ నచ్చింది, ఎందుకంటే బాహుబలికి ధైర్యం పుట్టుకతో ఉంది, కుమారవర్మకి అది ఆ రాత్రే పుట్టింది. ఆ తర్వాత ఆ ధైర్యాన్నే వాడుకుని కుట్రలోకి లాగి చంపించేశారు. కథకి అవసరమే, నేను కాదనను, బిజ్జలదేవుడు ఎలాంటివాడో తెలియాలి. కానీ ధైర్యం నేర్చుకున్నవాడు ఆ ధైర్యంతో ఏం చేసేవాడో, ఎలా బతికేవాడో ఒక్క సీన్ కూడా మనకి దక్కలేదు. అంత బాగా తీయగలిగినవాళ్ళు కాబట్టే అడుగుతున్నాను.

ఇంకొందరు రచయితలు వేరే దారి పడతారు. చివర్లో, అసలు జోస్యం చెప్పింది హీరో గురించి కాదు, ఈ పక్కవాడి గురించే అని తిప్పేస్తారు. అది చదివి చప్పట్లు కొట్టేవాళ్ళున్నారు, నేను మాత్రం కొట్టలేను. అలా తిప్పితే మళ్ళీ ఎంపికైనవాడే గొప్ప అని చెప్పినట్టే కదా, పేరొకటి మారింది, అంతే. మా పెదనాన్నకి ఇప్పుడెవరో వచ్చి, పొరపాటున తప్పు పేరు రాశారు, ఉద్యోగం నీదేనని చెబితే ఆయన ఇన్నేళ్ళు నడిపిన జీవితం పొరపాటు అయిపోతుందా? నెవిల్ పాముని చంపినప్పుడు వాడి చేతిలో జోస్యం లేదు. నుదుటి మీద మచ్చ లేదు. అదే నాకు కావాల్సింది.

ఇంగ్లీషులోనూ దీన్ని పట్టుకున్నవాళ్ళున్నారు. లార్డ్ ఆఫ్ ది రింగ్స్ పుస్తకంలో ఫరామిర్‌కి ప్రయాణానికి పిలిచే ఒకే కల మళ్ళీ మళ్ళీ వస్తుంది, వాళ్ళన్న బోరోమిర్‌కి ఒక్కసారే వస్తుంది. తమ్ముడు వెళ్తానంటాడు, దారి ప్రమాదమని అన్న తానే బయల్దేరతాడు. పిలుపు ఎక్కువగా వచ్చింది తమ్ముడికి, ప్రయాణం దక్కింది అన్నకి. అన్న, మనుషుల మనసు చెడగొట్టే మాయ ఉంగరం ఆశలో పడి చనిపోయాక అదే ఉంగరం తమ్ముడి ముందుకి వస్తుంది, చెయ్యి చాపితే అందుతుంది, వద్దని పంపించేస్తాడు. మొదట వాణ్ణే పంపి ఉంటే కథ ఎలా ఉండేదో అనే ఆలోచన చదువుతున్నంతసేపూ మనల్ని వదలదు. దానికోసం రచయిత పెద్దగా ఏమీ చెయ్యలేదు, ఎవరికి కల ఎన్నిసార్లు వచ్చిందో రెండు ముక్కల్లో చెప్పి వదిలేశాడు.

మిమ్మల్ని నేను అడిగేదీ ఇంత చిన్నదే. హీరోని మార్చమని అడగట్లేదు. మీ జోస్యంలో, మీ పుట్టుమచ్చలో, మీ రాజముద్రలో ఇంకొకరికి కూడా చోటుంటే, ఆ సంగతి ఆ మనిషికి తెలియనివ్వండి. చెప్పే సీన్ రాయండి. ఎవరు చెబుతారు, ఎక్కడ చెబుతారు, వినేటప్పుడు ఆ మనిషి చేతిలో ఏం పని ఉంది, విన్నాక ఎవరి మొహం వైపు చూస్తాడు, అన్నీ రాయండి. ఈర్ష్య పడితే పడనివ్వండి, ఈర్ష్య పడిన వెంటనే విలన్ని చేసెయ్యకండి. ఊపిరి పీల్చుకుంటే పీల్చుకోనివ్వండి, హమ్మయ్య నేను కాదులే అనుకునేవాళ్ళు కూడా మనుషులే. ఆ మర్నాడు పొద్దున్న ఆ మనిషి హీరో వెనకాల నడుస్తాడా, ఇంటికెళ్ళిపోతాడా అన్నది వాణ్ణే తేల్చుకోనివ్వండి. హీరో వెనక్కి తిరగలేడు, తిరిగితే లోకం మునిగిపోతుంది. ఈయన మాత్రం తిరగగలడు, ఎవరూ ఏమీ అనరు. అయినా వచ్చినవాడి గురించి నాకు చదవాలనుంది. ఆడపిల్లని పెట్టండి ఆ చోట్లో, మా మేడ మీద ఎనిమిది మందిలో ఐదుగురు ఆడపిల్లలే.

2014 అక్టోబర్ 12, హుద్‌హుద్ తుఫాను వచ్చిన ఆదివారం ఈ ఊళ్ళో ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. మేమప్పుడు క్వార్టర్స్‌లో ఉండేవాళ్ళం. కిటికీ అద్దాలు పగిలిపోయాయి, కరెంటు లేదు, ట్యాంకులో నీళ్ళు అడుగంటాయి, ఫోన్లు పని చెయ్యట్లేదు. నాన్న డ్యూటీకి వెళ్ళినవాడు ఇంకా రాలేదు. మర్నాడు మధ్యాహ్నం తలుపు చప్పుడైతే తీశాను. పెదనాన్న. రోడ్ల మీద చెట్లు పడిపోయి ఆటో కదిలే దారి లేదు, పెదగంట్యాడ నుంచి తెల్లారే బయల్దేరి కొమ్మలు దాటుకుంటూ నడిచొచ్చాడు. భుజం మీద గోనెసంచిలో బియ్యం, కొవ్వొత్తులు, పడిపోయిన చెట్ల నుంచి ఏరిన కొబ్బరిబొండాలు. కాళ్ళ నిండా గీరుకుపోయిన గాట్లు. ఎవరూ పిలవలేదు ఆయన్ని, పిలవడానికి ఫోనే లేదు. సంచి దింపి మొదట అడిగింది, "తమ్ముడొచ్చాడా?" అని.

పాప ఆ ప్రశ్న అడిగిన తర్వాత ఒక సాయంత్రం వెళ్ళి పెదనాన్ననే అడిగేశాను. ఆయన ఇప్పుడు ఆటో నడపట్లేదు, మోకాళ్ళు నొప్పులు. ఆ ఉద్యోగం నీకు వచ్చుండాల్సిందని ఎప్పుడైనా అనిపించిందా పెదనాన్నా అన్నాను. "ఏటిరా, ఇన్నాళ్ళకి అడుగుతున్నావు?" అన్నాడు. కాసేపటికి మళ్ళీ ఆయనే అందుకున్నాడు. "కొన్నాళ్ళు ఆ బస్సు నేనే ఎక్కుతున్నట్టుండీది. తర్వాత్తర్వాత అది ఎల్లిపోయాక నా పని మొదలవుతాదని అలవాటైపోయింది. ఎవరూ అడగలేదు గానీ, అడిగితే చెప్పీవోణ్ణే." టీ చల్లారిపోయిందని పెద్దమ్మని మళ్ళీ పెట్టమన్నాడు. నేను ఆ రాత్రి భోజనం చేసి గాని రాలేదు.

పోయిన ఆదివారం మేడ మీద పాపకి నిజమే చెప్పాను, ఆ అబ్బాయికి ఎవరూ చెప్పలేదమ్మా, పుస్తకంలో లేదు అని. అయితే నేను చెప్తాను అంది. మిగతా పిల్లలు సర్దుకుని కూర్చున్నారు. రైల్లో అందరూ పడుకున్నాక హ్యారీయే నెవిల్‌ని లేపి, ఇది నువ్వు కూడా అయ్యుండొచ్చని చెప్పేశాడట. నెవిల్ చాలాసేపు కిటికీలోంచి బయటికి చూశాడట. తర్వాత హ్యారీ నుదుటి మీద మచ్చకేసి చూసి, "అది ఇప్పటికీ నొప్పి పుడుతుందా?" అని అడిగాడట.

ఇట్లు,
గాజువాక నుంచి మీ పాఠకుడు